'మా గురించి' పేజీలో మన గురించి ఒక్క ముక్క ఉండకూడదు

ఒడిశాలోని మన బరంపురంలో ఇప్పుడు పట్టుచీరల కొట్టు నుంచి అప్పడాల కొట్టు దాకా చాలామందికి వెబ్‌సైట్ వచ్చేసింది, సంతోషం. అందులో 'మా గురించి' అని ఒక పేజీ ఉంటుంది కదా, దాన్ని మనవాళ్ళు ఎంత శ్రద్ధగా రాయించుకుంటున్నారో చూశాక ఈ విద్యకి నియమాలు రాసిపెట్టడం నా బాధ్యత అనిపించింది. రేపు ఎవరైనా తెలియక నిజాలు రాసేస్తే కష్టం.

అన్నిటికన్నా ముందు, ఏం అమ్ముతామో చెప్పకూడదు. "నాణ్యతకు కట్టుబడి, కస్టమర్ సంతృప్తే ధ్యేయంగా, వినూత్న పరిష్కారాలు అందించే ప్రముఖ సంస్థ", అంతే. ఇది అప్పడాలకీ సరిపోతుంది, సిమెంటుకీ సరిపోతుంది, రేపు వ్యాపారం మార్చినా పేజీ మార్చక్కర్లేదు. ఒక అప్పడాల కొట్టు వాళ్ళ పేజీ నేను కింద దాకా చదివాను, అప్పడం అన్న మాటే లేదు. పరిష్కారం అంటే అప్పడమే అని మనమే అర్థం చేసుకోవాలి, జీలకర్ర వేసిందా మిరియాలు వేసిందా అన్నది పరిష్కారాల్లో రకాలు.

తర్వాత అడ్రస్. పేరు గొప్ప ఊరు దిబ్బ అనేవాళ్ళు వెనకటికి, ఇప్పుడు దిబ్బ కూడా లేదు, ఊరే ఎత్తేశారు. "దేశమంతటా మా సేవలు" అని రాసి, పెద్దబజారు సందులో ఉన్నాం అన్నది మాత్రం కడుపులో దాచుకోవాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు అసలు పేరు, ఆఫీసు అడ్రస్, ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోను నంబరు అన్నీ కనబడేలా పెట్టాలని 2020లో ఈ-కామర్స్ రూల్స్ వచ్చాయి గానీ, అది సర్కారు వారి చాదస్తం. జీఎస్టీ నంబరు అసలే వద్దు, మొదటి రెండు అంకెలు 21 అని చూడగానే ఒడిశా అని దొరికిపోతాం, 'గ్లోబల్' అని రాసుకున్నదంతా గంగపాలు.

చరిత్ర దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మన దగ్గర అది నిజంగానే ఉంది. ఈ ఊరు 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజు నుంచి ఒడిశా. అంటే అంతకుముందు పెట్టిన కొట్టు ఏదైనా గడప దాటకుండానే రాష్ట్రం మారిపోయింది, ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర ఒడియా, లారీవాడితో హిందీ. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తే అమ్మవారు నేతపనివాళ్ళ పెద్ద దేశిబెహెరా ఇంటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. అంచు మీద గుడి శిఖరాల వరసతో ఫోడా కుంభ చీర, మగవాళ్ళకి జోడు అనే పట్టుబట్టలు, వీటికి ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇందులో సగం చేతిలో ఉన్నా బెంగళూరు కుర్రాళ్ళు పది పేజీలు రాసుకుని పెట్టుబడి పట్టుకొచ్చేవాళ్ళు. మనం మాత్రం "స్థాపించిన నాటి నుంచి వెనుదిరిగి చూడలేదు" అని రాయించాం. నిజమే, చూసుంటే కనబడేది.

ఇక ఫోటో. కోట్లు వేసుకున్న తెల్లదొరలిద్దరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటుండాలి, వెనకాల అద్దాల మేడ. అసలు ఓనరుగారు పరుపు మీద మఠం వేసుక్కూచుని చీర తిరగేసి లోపలివైపు పోగులు చూపించి, జరీ మీద బొటనవేలు రాసి, "చూడమ్మా, నీకే తెలుస్తుంది" అంటారు, ఆ మాటకే సగం మంది కొనేస్తారు. ఆ ఫోటో మాత్రం పెట్టకూడదు, పరువు పోతుంది. 'వ్యవస్థాపకుడి సందేశం' అని ఒకటి పెట్టొచ్చు, ఆయన అది చదవకపోయినా ఫర్వాలేదు, ఇంకెవరూ చదవరు.

చివర్లో ఫారం. ఫోన్ నంబరు ఇస్తే జనం ఫోన్ చేస్తారు, అది ప్రమాదం. ఇచ్ఛాపురంలో ఒకావిడ, కూతురి పెళ్ళి చీరలకి ఆదివారం తెరుస్తారా లేదా అని ఇలాంటి ఒక కొట్టువాళ్ళ పేజీ అంతా వెతికింది, "ఇరవై నాలుగు గంటలూ మీ సేవలో" అని ఉంది గానీ టైమింగ్స్ లేవు, ఫారం నింపింది, "మీ విలువైన సందేశం అందింది, మా బృందం త్వరలో సంప్రదిస్తుంది" అని వచ్చింది. బృందం అంటే ఓనరుగారి మేనల్లుడు, వాడు పరీక్షల్లో ఉన్నాడు. ఆవిడ రైలెక్కి వచ్చేసింది, కొట్టు మూసుంది, పక్క కొట్లో ఆరు చీరలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పక్క కొట్టుకి వెబ్‌సైట్ లేదు, షట్టర్ మీద ఎర్ర పెయింటుతో 'ఆదివారం ఉంటుంది' అని రాసి కింద ఫోన్ నంబరు వేశారు.