జపం పెట్టెది, పుణ్యం మనది

భక్తిలో మన అనంతపురం చాలా ముందుకు పోయింది. ఎంత ముందుకంటే, భక్తుడే వెనకబడ్డాడు.

శ్రీచక్రం సంగతే చూడండి. కిందికి చూసే త్రికోణాలు అయిదు, శక్తివి. పైకి చూసేవి నాలుగు, శివుడివి. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుంటే లోపల 43 చిన్న త్రికోణాలు రావాలి. ఒక్క గీత వెంట్రుకవాసి జరిగినా బొమ్మంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంత కష్టమైనది గీయాలంటే మనసు నిలవాల్సిందే. పాతూరి అంగళ్ళు ఆ బాధ తప్పించాయి. రాగిరేకు మీద అచ్చొత్తి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తారు. పవర్ పోతుందని కొందరు ఆ కవరు కూడా విప్పరు.

కుబేర యంత్రానిది ఇంకో గొప్ప. తొమ్మిది గళ్ళలో 20 నుంచి 28 దాకా అంకెలు. అడ్డంగా, నిలువుగా, మూలల వెంబడి ఎటు కూడినా 72. దాన్ని గల్లాపెట్టెకు అంటించిన అంగడాయనకు పెట్టె లోపలి డబ్బు మాత్రం ఎటు కూడినా తక్కువే వస్తోంది. “ఉద్దెర బాకీలు వసూలు చేసుకోవచ్చు కదన్నా” అంటే, “యంత్రం చూసుకుంటాది లేప్పా” అన్నాడు.

ఇక మంత్రం. శాస్త్రం చెప్పిన పద్ధతిలో చేసే యజ్ఞం కన్నా జపం పది రెట్లు మేలనీ, పక్కవాడికి వినపడకుండా చేస్తే నూరు రెట్లనీ, మనసులోనే చేస్తే వెయ్యి రెట్లనీ మనుస్మృతి లెక్క చెప్పింది. వెయ్యి రెట్ల సరుకుకు పైసా ఖర్చు లేదు కాబట్టి ఏ అంగడీ దాన్ని పెట్టదు. మైకులో చేసే జపానికి ఎన్ని రెట్లో మనువు రాయలేదు. నా మనవి ఏమిటంటే, ఆ ఫలాన్ని నాలుగు వీధులకూ పంచి, పదో తరగతి పరీక్షలకు చదివే పిల్లలకు ఒక వాటా ఎక్కువ వేయాలి.

గోడ ప్లగ్గులో గుచ్చే మంత్రాల పెట్టె మరీ నిష్ఠాపరురాలు. గాయత్రి 24 అక్షరాలనూ రాత్రింబగళ్ళు అలుపు లేకుండా చదువుతుంది. ఋషి విశ్వామిత్రుడని, దేవత సవిత అని తలుచుకునే పని దానికి లేదు. వేళ్ళు లేవు గనక, మంత్రాన్ని వేళ్ళ మీద నిలుపుకునే కరన్యాసం మినహాయింపు. ఇంట్లోవాళ్ళు టీవీ చూసుకోవచ్చు.

మొన్న ఒక రైతన్న చేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూపించుకున్నాడు. అక్కడ యంత్రం పాతించి, మంత్రం చదివించి, రిగ్గు పెట్టించాడు. దుమ్ము లేచింది. రేకు అమ్మినాయన “మంత్రంలో తప్పు పోయింటాది” అన్నాడు. మంత్రం చదివినాయన “రేకు పలచన” అన్నాడు. ఇద్దరి వాదనలోనూ శాస్త్రం ఉంది. రిగ్గు లారీ ఆయన మాత్రం ఏ శాస్త్రమూ మాట్లాడకుండా, అడుగుకింతని లెక్కగట్టి డబ్బు తీసుకుని పక్క పొలానికి పోయాడు.