నెలలో ముఖం రాకపోతే ఆ విద్య మీది కానట్టేనా?

డిజిటల్ స్కల్ప్టింగ్, అంటే జీబ్రష్, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లలో మట్టిలా రూపాలు చెక్కడం, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఎవరో ఒకరు ఒక సలహా పంపుతుంటారు. మాటలు అటూ ఇటూ మారినా సంగతి ఇదే: "బొమ్మలు గీయడం రానివాళ్లు జీబ్రష్, బ్లెండర్ జోలికి పోవద్దు. ముందు బటన్లన్నీ నేర్చుకోవాలి. పెన్ టాబ్లెట్, ఖరీదైన కంప్యూటర్ లేకపోతే దండగ. ఇన్ని ఉన్నా నెలలో ఒక ముఖం సరిగ్గా రాలేదంటే ఆ విద్య మీది కాదు."

ఎక్కువ చెడు చేసేది ఆ చివరి మాటే, అందుకే దాన్నే ముందు పట్టుకుంటాను. రోజుకు అరగంట చొప్పున నెలంటే 15 గంటలు. అందులో మొదటి నాలుగైదు గంటలు కళకు సంబంధం లేని చికాకులకే పోతాయి. జీబ్రష్‌లో గోళం ఎంచుకుని కాన్వాస్ మీద లాగుతారు. గోళం వస్తుంది. తిప్పి చూద్దామని మళ్లీ లాగితే ఇంకో గోళం పడుతుంది. పది నిమిషాల్లో తెరంతా గోళాలే. జీబ్రష్ పుట్టుక లోతు కూడా గుర్తుపెట్టుకునే పెయింటింగ్ ప్రోగ్రామ్‌గా జరిగింది. ఎడిట్ బటన్ నొక్కేదాకా మీ గోళం దాని దృష్టిలో రంగు మరకే. గీసిన వెంటనే ఎడిట్ కోసం 'టి' కీ, మిగిలిన మరకలు పోవడానికి కంట్రోల్‌తో 'ఎన్', ఆపైన గోళాన్ని చెక్కడానికి వీలుగా మార్చే మేక్ పాలీమెష్ త్రీడీ బటన్. అంతే. బ్లెండర్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది: వస్తువును ఒకవైపు సాగదీసి, స్కేల్ అప్లై చేయకుండా (ఆ కొత్త కొలతను ఖాయం చేయకుండా) స్కల్ప్ట్ మోడ్‌లోకి వెళ్తే బ్రష్ వంకరగా పనిచేస్తుంది. ఇందులో ప్రతిభ ప్రస్తావన ఎక్కడిది?

ఇక అసలు సమస్య, ముఖం గడ్డలు గడ్డలుగా రావడం. నా మొదటి తల నలిగిన దిండులా ఉండేది. కనురెప్పల మడతలు చక్కగా రావాలని మొదట్లోనే, ఉపరితలాన్ని ఇంకా చిన్న ముక్కలుగా విభజించే సబ్‌డివైడ్ బటన్ ఆరేడుసార్లు నొక్కేశాను. ఒక్కో నొక్కుకు ఆ ముక్కలు, అంటే పాలిగన్లు, నాలుగింతలవుతాయి. ఆరు ముఖాల క్యూబ్‌ను ఎనిమిదిసార్లు విభజిస్తే 3,93,216. అంత ఎక్కువ పాలిగన్లున్నప్పుడు బ్రష్ పైచర్మాన్నే గీరుతుంది, కింద ఉన్న రూపం కదలదు. దవడ వెడల్పు తగ్గించాలన్నా చిన్న చిన్న గుంటలే పడతాయి. స్మూత్ చేస్తే గుంటలతోపాటు ముక్కూ కరిగిపోతుంది. మనకేమో చేయి తిరగలేదనిపిస్తుంది.

సబ్‌డివైడ్ రెండో మూడో స్థాయిలోనే ఆగి, మూవ్ బ్రష్‌తో పుర్రె, దవడ, మెడ తేల్చండి. కళ్లు తల ఎత్తులో దాదాపు సగంలో ఉంటాయి, కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ పైకి పెట్టేస్తారు. కంటి గుంట తవ్వి, అందులో విడిగా ఒక గోళం పెట్టి, దాని మీదుగా రెప్పను లాగండి. గోళం లేకుండా చెక్కిన కన్ను అతికించిన స్టిక్కరే. ఆ స్థాయిలో ఇంకేమీ చేయలేననిపించాకే పై స్థాయికి వెళ్లాలి. ఎక్కడైనా మెష్ (పాలిగన్ల వల) సాగిపోతే, పాలిగన్లను మళ్లీ సమంగా పరిచే డైనమెష్‌తోనో (జీబ్రష్) వోక్సెల్ రీమెష్‌తోనో (బ్లెండర్) తిరిగి సర్దుకోవచ్చు. ఇంకో మాట, జీబ్రష్ మొదట చూపించే ఎర్ర మైనం మెటీరియల్ మెరుపులో తప్పులు దాగిపోతాయి. బూడిదరంగుకు మార్చి, పక్కనుంచి చూడండి. ముఖం పలకలా చదునుగా కనిపిస్తే, మీరు ఇంతసేపూ ముందువైపు నుంచే చెక్కారన్నమాట.

బొమ్మలు గీయడం వస్తే మంచిదే, చూసే కన్ను ఉంటుంది. కానీ గీసేవాళ్లు ముందువైపును కాగితంలా చూసే ఈ తప్పును ఇంకా ఎక్కువ చేస్తారని నా అనుమానం.

బటన్ల సంగతికి పెద్ద వాదన అక్కర్లేదు. తల పూర్తిచేయడానికి నాలుగు బ్రష్‌లు చాలు: మూవ్, మట్టి పేర్చే క్లే బిల్డప్, గీత కోసే డ్యామ్ స్టాండర్డ్, స్మూత్. బ్లెండర్‌లో మొదటి రెండింటి పనీ గ్రాబ్, క్లే స్ట్రిప్స్ చేస్తాయి. రెండు సాఫ్ట్‌వేర్‌లూ ఒకేసారి మాత్రం మొదలుపెట్టకండి. లోపలికి చెక్కడానికి జీబ్రష్‌లో ఆల్ట్, బ్లెండర్‌లో కంట్రోల్. జీబ్రష్‌లో అదే కంట్రోల్ మాస్క్ వేస్తుంది, అంటే ఆ భాగం మీద బ్రష్ పనిచేయకుండా కప్పేస్తుంది. వేళ్లకు పిచ్చెక్కుతుంది.

టాబ్లెట్ విషయంలో ఆ సలహా సగం నిజం. మౌస్‌కు ఒత్తిడి తెలియదు, ప్రతి గీతా ఒకే బలంతో పడుతుంది. బ్రష్ బలం బాగా తగ్గించుకుంటే రూపం తేల్చేదాకా మౌస్‌తో నెట్టుకురావచ్చు, ఆపైన పెన్ను కావాల్సిందే. తెర లేని మామూలు టాబ్లెట్ సరిపోతుంది. ఖరీదైన కంప్యూటర్ మాట మాత్రం ఒప్పుకోను. జీబ్రష్ ప్రధానంగా ప్రాసెసర్, ర్యామ్ మీద నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు మీద కాదు. బ్లెండర్ ఉచితం. నోమాడ్ స్కల్ప్ట్ అనే చెక్కే యాప్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది. మీ కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందా? సబ్‌డివైడ్ ఎన్నిసార్లు నొక్కారో ఒకసారి చూడండి. పదోసారికి ఆ క్యూబ్ 62,91,456 పాలిగన్లవుతుంది, మీరింకా ముక్కు దగ్గరే ఉంటారు.