హాబ్ కొనే ముందు గిన్నెలకు అయస్కాంతం పెట్టి చూడండి

మియాపూర్‌లో అక్కావాళ్ళు కొత్త ఫ్లాట్ తీసుకున్నారు. ఇంటీరియర్ చేసే కుర్రాడు లాప్‌టాప్‌లో వంటగది బొమ్మ చూపించాడు. తెల్లటి కప్‌బోర్డులు, నల్ల గ్రానైట్ గట్టు, గట్టులోకి దిగిపోయిన నాలుగు బర్నర్ల గాజు హాబ్, దాని పైన చిమ్నీ. హాబ్ మీద ఒక్క గిన్నె లేదు. పక్కన మాత్రం చిన్న పూలకుండీ ఉంది. "గ్యాస్ వద్దంటే బిల్ట్-ఇన్ ఇండక్షన్ పెట్టేద్దాం మేడమ్, ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు" అన్నాడట. ఆ రాత్రి అక్క ఫోన్ చేసి, "ఏది పెట్టించమంటావురా? ఎల్లుండి గ్రానైట్ కోసేస్తారట" అంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ పాతింటికి వెళ్ళి నేను చేసిన పని ఒకటే. ఫ్రిజ్ తలుపుకున్న తిరుపతి లడ్డూ బొమ్మ అయస్కాంతం పీకి, పొయ్యెక్కే గిన్నెలన్నిటి అడుగునా పెట్టి చూశాను. మొత్తం 23 గిన్నెలు. అయస్కాంతం పట్టుకున్నవి 6. అల్యూమినియం కుక్కర్ పట్టుకోలేదు. హిండాలియం బాండీ లేదు, పొంగలి వండే ఇత్తడి గిన్నె లేదు, చేపల పులుసు మట్టిదాక సంగతి చెప్పక్కర్లేదు. అక్క ఆశ్చర్యపోయింది స్టీలు గిన్నెల దగ్గర. స్టీలంటే ఇనుమే కదా, ఎందుకు అంటుకోదు అంది. మన ఇళ్ళలో చాలా స్టీలు గిన్నెల్లో నికెల్ కలిసి ఉంటుంది, అలాంటి స్టీలును అయస్కాంతం పట్టించుకోదు. ఇనప పెనం మాత్రం ఠక్కున పట్టుకుంది. తీరా చూస్తే దాని అడుగు మధ్యలో పల్లంగా, అంచులకు ఎత్తుగా ఉంది. గాజు పలక మీద పెడితే బొంగరంలా తిరిగింది.

ఏ హాబ్ మంచిదని అడిగేవాళ్ళు ధర అడుగుతారు, కంపెనీ అడుగుతారు, బర్నర్లెన్ని అని అడుగుతారు. తమ గిన్నెల గురించి ఎవరూ అడగరు. పొయ్యి మార్చడమంటే సగం వంటసామాను మార్చడమే. షోరూమ్ ఇచ్చే కొటేషన్‌లో ఆ ఖర్చు ఉండదు.

ఇండక్షన్ పొయ్యిలో మంటా ఉండదు, కాలే తీగా ఉండదు. గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. ఆ అయస్కాంత ప్రభావానికి గిన్నె అడుగులోనే కరెంటు పుట్టి, గిన్నె తనంతట తాను వేడెక్కుతుంది. అందుకే వేడి పెద్దగా వృథా కాదు, సుమారు 85 శాతం గిన్నెకే చేరుతుంది. వంటగది ఉక్కపోతగా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో వంట చేసినవాళ్ళకు ఈ ఒక్క సుఖం విలువ తెలుస్తుంది. పాలు కాచడం, అన్నం వండటం, పప్పు ఉడికించడం, కాఫీకి నీళ్ళు మరిగించడం లాంటి పనుల్లో దీన్ని మించింది లేదు. టైమర్ పెట్టి స్నానానికి వెళ్ళొచ్చు.

చిక్కంతా పోపు దగ్గరొస్తుంది. పోపు గరిటె మంట మీద పట్టుకుని ఆవాలు చిటపటలాడగానే పప్పులో చుయ్యిమనిపించడం మన చేతికి అలవాటైన పని. ఆ గరిటె అడుగు అరచేయంత కూడా ఉండదు. అంత చిన్నదాన్ని చాలా ఇండక్షన్ పొయ్యిలు గిన్నెగానే గుర్తించవు, కూతపెట్టి ఆగిపోతాయి. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా, అప్పడం కాల్చాలన్నా, పుల్కా పొంగించాలన్నా, జొన్నరొట్టెను చివర్లో నిప్పు మీద తిప్పాలన్నా మంట కావాల్సిందే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన అమ్మానాన్నలను అడగండి. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఉండేది కరెంటు చుట్ట పొయ్యి, లేదంటే గాజుపలక పొయ్యి. చుట్ట మీద ఇనప జాలీ పెట్టి పుల్కాలు కాల్చిన కథలు ఇంటింటా ఉంటాయి. మా అమ్మయితే మొదటిరోజే తేల్చేసింది: "మంట కనబడకపోతే పొయ్యి వెలిగిందని ఎట్లా నమ్ముతావే?"

షాపువాళ్ళు ఇక్కడే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి తెచ్చి ముందు పెడతారు. "ఏ గిన్నెయినా పెట్టుకోవచ్చు సార్" అంటారు. అది నిజమే. గాజు కింద తీగ ఎర్రగా కాలి పలకను వేడి చేస్తుంది, పలక గిన్నెను వేడి చేస్తుంది. ఇత్తడైనా అల్యూమినియమైనా అడుగు సమంగా ఉంటే చాలు. అయితే వేడెక్కడానికి టైమ్ పడుతుంది, ఆపేశాక కూడా చాలాసేపు గాజు కాలుతూనే ఉంటుంది. పొంగుతున్న పాలు స్విచ్ ఆపగానే ఆగవు. కరెంటు కూడా ఇండక్షన్ కన్నా ఎక్కువే లాగుతుంది. గ్యాస్ పెట్టుకునే వీల్లేని అద్దె గదిలో పాత గిన్నెలతో నెట్టుకురావడానికి తప్ప దీన్ని కొనమని నేను చెప్పను.

ఇక డబ్బుల లెక్క. సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. కరెంటు లెక్కలోకి మారిస్తే అది దాదాపు 182 యూనిట్ల శక్తి. కొత్త పొయ్యికి ఐఎస్ఐ మార్కు రావాలంటే పరీక్షలో కనీసం 68 శాతం వేడి గిన్నెకు చేరాలి. మన ఇంట్లో బర్నర్ మసిపట్టి, చిన్న గిన్నె చుట్టూ మంట బయటికి పోతూ ఉంటుంది కాబట్టి 60 శాతం అనుకుందాం. అంటే గిన్నెకు చేరేది సుమారు 109 యూనిట్లు. అంతే వేడి ఇండక్షన్ మీద రావాలంటే 128 యూనిట్ల కరెంటు కావాలి. 2025 ఏప్రిల్‌లో 50 రూపాయలు పెరిగాక హైదరాబాద్‌లో సిలిండర్ 905 రూపాయలైంది. 905ను 128తో భాగిస్తే యూనిట్‌కు 7 రూపాయలు. ఆ ధరకు మీ బిల్లులో చివరి స్లాబు రేటు 7 కన్నా తక్కువైతే ఇండక్షన్ చవక, ఎక్కువైతే గ్యాస్ చవక. సిలిండర్ ధర మారినప్పుడు ఆ ఒక్క అంకె మార్చుకుంటే చాలు.

చూడాల్సింది చివరి స్లాబునే, సగటును కాదు. ఎందుకంటే వంట కరెంటు వచ్చి చేరేది ఇంట్లో ఇప్పటికే కాలుతున్న యూనిట్ల మీద. తెలంగాణలో 101 నుంచి 200 యూనిట్ల స్లాబులో రేటు 4.80. వంట కరెంటు కలిపాక కూడా 200 దాటకపోతే, ఆ లెక్కన సిలిండరంత వంట 614 రూపాయల్లో అయిపోతుంది. 200 దాటిన ఇంట్లో ఆపైన 300 దాకా 7.70, అంటే 986 రూపాయలు. 300 దాటితే 9 రూపాయలు, 1,152. ఆంధ్రప్రదేశ్‌లో 126–225 స్లాబుకు 6 రూపాయలు కాబట్టి 768, 226 నుంచి 400 దాకా 8.75 కాబట్టి 1,120. రెండు ఏసీలు తిరిగే ఇంట్లో లక్షన్నర పెట్టి బిల్ట్-ఇన్ ఇండక్షన్ బిగించుకుని "గ్యాస్ ఖర్చు తప్పింది" అని సంబరపడేవాళ్ళు నిజానికి ఎండాకాలమంతా ఎక్కువే కడుతున్నారు. లాభపడేది ఏసీ లేని మధ్యతరగతి ఇల్లు. ఆ ఇంటికి ఇంటీరియర్ కుర్రాడు రాడు.

అంతకన్నా కిందికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కావాళ్ళింట్లో పనిచేసే ఆమెకు రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి కింద నెలనెలా జీరో బిల్లు వస్తుంది. మొన్న కొడుకు తొలి జీతంతో అమ్మకు ఇండక్షన్ పొయ్యి కొన్నాడు. రెండో నెల బిల్లు పట్టుకుని అక్క దగ్గరికొచ్చింది. 200 యూనిట్లలోపు వాడితేనే జీరో బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. 201 యూనిట్లకు కరెంటు ఛార్జీయే 1,027 రూపాయల 70 పైసలు, మిగతా ఛార్జీలు వేరే. నలుగురున్న ఇంట్లో సిలిండర్ 40 రోజులు వస్తుందనుకుంటే వంటంతా ఇండక్షన్ మీదికి మార్చినప్పుడు నెలకు 96 యూనిట్లు పెరుగుతాయి. అదే ఆమెకు మహాలక్ష్మి కింద సిలిండర్ 500 రూపాయలకే పడుతుంది. ఆంధ్రలో దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇలాంటి ఇళ్ళకు ఇండక్షన్ కొనమని చెప్పేవాళ్ళు ముందు ఒకసారి కరెంటు బిల్లు అడిగి చూడాలి. ఆ పొయ్యి ఇప్పుడు అటక మీద ఉంది. గ్యాస్ అయిపోయిన రోజు దించుతానంది, అది తెలివైన మాటే.

ఎందుకంటే ఒక్క పొయ్యినే నమ్ముకోవడం ఎవరికీ మంచిది కాదు. మన దేశం వాడే ఎల్‌పీజీలో దాదాపు 60 శాతం బయటినుంచే, ఎక్కువగా గల్ఫ్ దేశాల నుంచి వస్తుంది. అక్కడ ఏ గొడవ జరిగినా మన గట్టు కిందున్న సిలిండర్‌కు టెన్షన్. కరెంటు సంగతి మీకు తెలుసు. గాలివానకు పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కు కూడా తెలియదు, ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ నడిపే ఇన్వర్టర్ 2,000 వాట్ల పొయ్యిని మోయలేదు.

వైరింగ్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ 2,000 వాట్ల చిన్న పొయ్యే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని మిక్సీ పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్‌కు కన్వర్టర్ పెట్టి తగిలించేవాళ్ళను చూస్తుంటాను. సాకెట్ నల్లబడేదాకా తెలియదు. దీనికి 16 ఆంపియర్ల పాయింట్ ఉండాలి. నాలుగు గిన్నెల బిల్ట్-ఇన్ ఇండక్షనైతే అన్నీ కలిపి 7 కిలోవాట్లు దాటుతుంది. మెయిన్ నుంచి విడిగా లైన్ లాగాలి, మీటర్ లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టాలి. టైల్స్ వేశాక ఈ పని గుర్తొస్తే గోడ పగలగొట్టడమే.

మరి బిల్ట్-ఇన్ గ్యాస్ హాబ్? చూడటానికి బాగుంటుంది, నేను కాదనను. కానీ గట్టు మీద పెట్టే మామూలు గ్యాస్ పొయ్యి కన్నా అది వంటలో చేసే గొప్ప ఏమిటో పదేళ్ళుగా వెతుకుతున్నా నాకు దొరకలేదు. పాలు పొంగితే మామూలు పొయ్యిని ఎత్తి అడుగునా తుడుస్తాం, దీన్ని ఎత్తలేం. పాడైతే షాపుకు తీసుకెళ్ళలేం, మెకానిక్ వచ్చేదాకా కూర్చోవాలి. గ్రానైట్ ఒకసారి కోశాక మళ్ళీ కొనే హాబ్ కూడా ఆ రంధ్రానికే సరిపోవాలి, కొలతలేమో కంపెనీకొకటి. పైగా గాజు. గట్టిపరచిన గాజైనా అంచుకు దెబ్బ తగిలినా, రెండు బర్నర్లను కప్పేసేంత వెడల్పు గిన్నె పెట్టి గంటలకొద్దీ వండినా పగలొచ్చు. మా పక్క ఫ్లాట్‌లో దీపావళి ముందురోజు బూరెల మూకుడు దించిన ఐదు నిమిషాలకు తుపాకి పేలినట్టు శబ్దమైంది. వెళ్ళి చూస్తే వంటగదంతా పటికబెల్లం చల్లినట్టు గాజు పలుకులు. నూనె మూకుడు అప్పటికి పొయ్యి మీద లేదు కాబట్టి సరిపోయింది.

గ్యాస్ పొయ్యి కొనేవాళ్ళు చూడాల్సినవి వేరే ఉన్నాయి. స్టీలు పలక ఉందా, ఇత్తడి బర్నర్లు ఉన్నాయా, కుక్కర్ పక్కన బాండీ పట్టేంత ఎడం ఉందా. వీటన్నిటికన్నా ముఖ్యం మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తానే కట్టయ్యే ఏర్పాటు. బర్నర్ పక్కన చిన్న పుల్ల లాంటిది ఉంటుంది, మంట ఆరి అది చల్లారగానే వాల్వ్ మూసుకుంటుంది. పాలు పొంగి మంట ఆరిన సంగతి గమనించని పెద్దవాళ్ళున్న ఇంట్లో దీనికి రెండు వేలు ఎక్కువ పెట్టినా తప్పులేదు. మన దగ్గర అన్ని పొయ్యిలకూ ఇది రాదు, అడిగి తీసుకోవాలి. మీ వీధిలో పైపు గ్యాస్ ఉంటే ఇంకో మాట. సిలిండర్ పొయ్యిని దానికి అలాగే తగిలించకూడదు, జెట్లు మార్పించాలి.

మంట ఉన్న చోట పొగ కనిపించకపోయినా నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బయటికి పైపు లేని చిమ్నీ దాన్ని బయటికి పంపదు. కిటికీ తెరవడమే మందు.

అక్క చివరికి గ్రానైట్ కోయించలేదు. మంట ఆరితే కట్టయ్యే మూడు బర్నర్ల స్టీలు పొయ్యి గట్టు మీద పెట్టింది. దాని పక్కన, బొమ్మలో పూలకుండీ ఉన్న చోట, 16 ఆంపియర్ల పాయింట్ వేయించి ఒక చిన్న ఇండక్షన్ పొయ్యి పెట్టింది. పాలు, అన్నం, కాఫీ దాని మీద. పోపు, పుల్కా, పులుసు మంట మీద. నాలుగు బర్నర్ల హాబ్‌కు అనుకున్న డబ్బులో మిగిలినదాంతో చదును అడుగున్న ఇనప పెనం, ఇండక్షన్ మీద పనిచేసే స్టీలు కుక్కర్ కొంది. లడ్డూ బొమ్మ అయస్కాంతం కొత్త ఫ్రిజ్ మీదికి ఎక్కలేదు. గిన్నెల షాపుకెళ్ళేటప్పుడు పనికొస్తుందని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని తిరుగుతోంది.