గురక వినపడుతూనే ఉంది, అడిగేవాళ్లే లేరు

అక్క ఫోన్‌లో నాలుగు నిమిషాల వీడియో ఒకటి ఉంది. బెడ్‌లైట్ వెలుగులో దుప్పటి అంచు, బావ భుజం తప్ప ఏమీ కనపడవు. అది చూడాల్సిన వీడియో కాదు, వినాల్సింది. గురక మొదలవుతుంది, పెరుగుతుంది, విజిల్ రాబోయే ముందు కుక్కర్ బుసకొట్టినట్టు ఒక మోత వస్తుంది. తర్వాత ఠక్కున ఆగిపోతుంది. ఇక ఫ్యాన్ చప్పుడు ఒక్కటే. దాని మీదుగా అక్క గుసగుసగా లెక్కపెడుతుంటుంది: "ఇరవై ఆరు... ఇరవై ఏడు..." ముప్పై నాలుగు దగ్గర బావ ఒళ్లంతా ఎగిరిపడుతుంది. నీళ్లలోంచి తల పైకెత్తినవాడిలా గాలి గుంజుకుని, పక్కకు తిరిగి మళ్లీ గురక అందుకుంటాడు.

తెల్లారి ఆ వీడియో పెడితే బావ నవ్వేశాడు. "మా నాయినకు గూడ ఉండె గురక. ఎనభై రెండేండ్లు బతికిండు. పండుకుంటె గురక రాదా బామ్మర్దీ?"

కూకట్‌పల్లిలో ఆ ఇంట్లోనే కాదు, హైదరాబాద్‌లో ఏ ఇంట్లో అడిగినా ఈ జవాబే వస్తుంది. గురకపెట్టి పడుకున్నాడంటే మనకు ఒళ్లెరగని నిద్ర అని అర్థం. కష్టజీవి, కడుపునిండా తిన్నాడు, నిశ్చింతగా నిద్రపోతున్నాడు. పెళ్లివారింట్లో హాల్లో వరసగా పడుకున్నప్పుడు గురక పెట్టే మామయ్య మీద జోకులే తప్ప జాలి ఉండదు. నిద్ర సుఖమెరుగదు అన్నారు గానీ, గురక పెట్టే మనిషి అసలు నిద్రపోతున్నాడా అని ఎవరికీ అనుమానం రాదు.

బావ నిద్రపోవడం లేదు. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు గాలి దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి వదులవుతాయి. దారి ఇరుకైతే గాలికి లోపలి మెత్తటి భాగాలు అదురుతాయి, అది గురక. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు ఉండదు. అందుకే అక్క భయపడాల్సింది మోతకు కాదు, మోత ఆగినప్పుడు. ఛాతీ గాలి కోసం పెనుగులాడుతుంటుంది, గొంతు తెరుచుకోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. చివరికి మెదడు కంగారుపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. గొంతు కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది, గాలి ఆడుతుంది, మళ్లీ నిద్ర. ఆ లేవడం మనిషికి గుర్తుండదు. అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటే ఇదే. కనీసం పది సెకన్లు శ్వాస ఆగితే ఒకసారి ఆగినట్టు లెక్క. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గి, ఆక్సిజన్ పడిపోతే దాన్నీ కలుపుతారు. గంటకు ఐదు లోపయితే మామూలు, పదిహేను దాటితే ఒక మోస్తరు, ముప్పై దాటితే తీవ్రం.

ఆఖరికి నిద్ర పరీక్ష చేయించుకున్నప్పుడు బావ రిపోర్టులో ఉన్న అంకె గంటకు 52. ఆరు గంటల నిద్రలో మూడు వందల సార్ల పైమాటే. ఆక్సిజన్ ఒక దశలో 71కి దిగింది. కరోనా రోజుల్లో ఆక్సిమీటర్ మీద 92 కనపడితే అంబులెన్స్‌కు ఫోన్ చేసిన జనమే మనం. అదే వేలికి రాత్రి రెండు గంటలకు పెట్టి చూసినవాళ్లు ఎంతమంది?

ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండెకు అది ఆపద వేళే. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పొంగుతాయి, రక్తనాళాలు బిగుస్తాయి, బీపీ ఎగుస్తుంది. ఆరోగ్యవంతుడికి రాత్రి బీపీ దిగాలి. వీళ్లలో చాలామందికి దిగదు, కొన్నాళ్లకు పగలు కూడా దిగడం మానేస్తుంది. మూడు రకాల బిళ్లలు వేసుకున్నా లొంగని బీపీ ఉన్నవాళ్లలో ఆప్నియా చాలా ఎక్కువగా కనపడుతుంది. గుండె లయ తప్పడం, పక్షవాతం, షుగర్ అదుపు తప్పడం వంటి వాటితోనూ దీనికి గట్టి సంబంధమే ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక బృందాన్ని 18 ఏళ్లు గమనించి 2008లో లెక్క ప్రచురించారు. తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్లలో మరణాలు, అది లేనివాళ్లతో పోలిస్తే మూడు రెట్లు.

ఇంకో అధ్యయనం నన్ను ఎక్కువ వెంటాడింది. ఆకస్మిక గుండె మరణాలు లోకంలో మామూలుగా పొద్దున్నే, ఆరు దాటాక ఎక్కువ. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వైద్యులు 2005లో అలా చనిపోయిన 112 మంది వివరాలు తీశారు. ఆప్నియా ఉన్నవాళ్లలో 46 శాతం అర్ధరాత్రికీ పొద్దున ఆరింటికీ మధ్యే పోయారు. లేనివాళ్లలో ఆ వేళ పోయింది 21 శాతం. మన దగ్గర ఇలాంటి చావును ఏమంటారో తెలిసిందే: "పుణ్యాత్ముడు, నిద్రలోనే పోయిండు. ఎవర్నీ కష్టపెట్టలే." యాభై రెండేళ్ల మనిషి పోయినా అదే మాట. అందులో ఊరట ఉంటుంది, కాదనను. ఆ మాట తర్వాత ఇంకెవరూ ఏమీ అడగరు, అదీ నిజమే. 2022 ఫిబ్రవరిలో హిందీ సినిమా సంగీత దర్శకుడు బప్పి లహిరి చనిపోయినప్పుడు వైద్యులు స్లీప్ ఆప్నియా పేరు చెప్పారు. మన టీవీల్లో ఆ మాట రెండు రోజులు వినపడింది, తర్వాత ఆయన బంగారు గొలుసుల మీదికి చర్చ మళ్లింది.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. బావ ఆరేళ్లుగా బీపీకి ఒకే ఆసుపత్రికి వెళ్తున్నాడు. ఒక బిళ్ల రెండయింది, రెండు మూడయ్యాయి. ఉప్పు తగ్గించారా, పచ్చళ్లు మానేశారా, వాకింగ్ చేస్తున్నారా అని ప్రతిసారీ అడిగారు. ప్రతిసారీ పక్క కుర్చీలో అక్క కూర్చునే ఉంది. రోజూ రాత్రి ఆ గురక ఆగే దాకా, ఆగాక మళ్లీ మొదలయ్యే దాకా మేలుకుని ఉండే మనిషి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఒకసారి తనే "రాత్రిళ్లు ఊపిరి ఆగినట్టయితది సార్" అంటే, "బరువు తగ్గితే అదే పోతుందమ్మా" అన్నారట.

ఈ జబ్బులో మొదటి ఆధారం రక్త పరీక్షలో దొరకదు, ఈసీజీలో దొరకదు. పక్కన పడుకున్న మనిషి నోటిలో దొరుకుతుంది. రోగికి ఏమీ తెలియదు కాబట్టి సాక్షే సగం నిర్ధారణ. ఆ సాక్ష్యం మన ఇళ్లలో సణుగుడుగా, ఆసుపత్రిలో మధ్యలో దూరిన మాటగా మిగిలిపోతోంది. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పనిచేసే వయసువాళ్లలో పది కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉందని తేలింది. అంతమందినీ ల్యాబుల్లో పడుకోబెట్టి వైర్లు తగిలించడం అయ్యే పని కాదు. పక్కవాళ్లను ఒక ప్రశ్న అడగడం అయ్యే పనే.

రోగి చెప్పే సంకేతాలు కూడా దారి తప్పించేవే. బావ రాత్రి మూడుసార్లు బాత్‌రూమ్‌కు లేచేవాడు. షుగర్ అనుకున్నారు, పరీక్ష చేశారు, లేదు. ప్రొస్టేట్ అనుకున్నారు. అసలు సంగతి ఇది: మూసుకున్న గొంతుతో ఛాతీ గాలి లాగుతుంటే గుండె గది సాగుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందని భ్రమపడి మూత్రం ఎక్కువ చేసే హార్మోన్ వదులుతుంది. పొద్దున తలనొప్పి ఉండేది, గ్యాస్ అన్నారు. పగటి కునుకుకు మాత్రం పేరేమీ పెట్టలేదు. ఒక సాయంత్రం మూసాపేట సిగ్నల్ దగ్గర కారులోనే నిద్రపోయాడు. వెనక బండ్లు హారన్లు మోగిస్తే లేచాడు. ఆ రోజు సిగ్నల్ ఎర్రగా ఉంది కాబట్టి సరిపోయింది.

మరి సాక్షి లేనివాళ్ల సంగతి? ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక ఆప్నియా బాగా పెరుగుతుంది. వాళ్లలో చాలామంది గురక గురించి చెప్పరు. నిద్ర పట్టట్లేదని, నీరసమని, మనసు బాగోలేదని చెబుతారు. నిద్రమాత్ర రాసిస్తే కొన్ని రకాలు గొంతును ఇంకా వదులు చేస్తాయి. పక్కన భర్త ఉంటాడు, నిజమే. ఆయన లేస్తే కదా. అక్క మేలుకుని బావ ఊపిరి లెక్కపెట్టింది. బావ ఏనాడూ అక్క ఊపిరి లెక్కపెట్టి ఉండడు. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే పిల్లలదీ ఇదే పరిస్థితి. వాళ్లు నిద్రపోయే వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు. అలసటంతా షిఫ్టు ఖాతాలో పడిపోతుంది.

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందన్నది సగం నిజం. బరువు పది శాతం పెరిగితే శ్వాస ఆగే సంఖ్య సుమారు 32 శాతం పెరుగుతుందని, పది శాతం తగ్గితే 26 శాతం తగ్గుతుందని 2000లో వచ్చిన విస్కాన్సిన్ లెక్క చెబుతోంది. శనివారం సిట్టింగ్ అయ్యాక, అర్ధరాత్రి బిర్యానీ తిని వెల్లకిలా పడుకుంటే ఎవరికైనా ఆ రాత్రి ఎక్కువే. కానీ చిన్న దవడ, వెనక్కి జరిగిన గడ్డం ఉన్న సన్నటి మనిషికీ రావచ్చు. పిల్లల్లో అయితే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచినా చాలు. బడిలో కుదురుగా కూర్చోని పిల్లాడి మీద మాస్టారు చాడీ చెబితే, రాత్రి వాడు నోరు తెరిచి పడుకుంటున్నాడేమో ఒకసారి చూడాలి.

ఇంటి బయటికి వస్తే ఇది ఒకరి జబ్బుగా ఉండదు. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్‌లో ఒక రైలు మలుపు దగ్గర పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. గంటకు 30 మైళ్లు పోవాల్సిన చోట 82 మైళ్ల వేగంతో వెళ్లింది. డ్రైవర్‌కు తీవ్రమైన ఆప్నియా ఉందని ప్రమాదం తర్వాతే తెలిసింది. మన దగ్గర రోజూ రాత్రి మియాపూర్ నుంచి, లక్డీకాపూల్ నుంచి, ఎల్బీనగర్ నుంచి ఎన్ని ట్రావెల్స్ బస్సులు బయల్దేరుతాయి! రవాణా వాహనాల లైసెన్స్‌కు డాక్టర్ సంతకం పెట్టే ఫారంలో చూపు గురించి, రంగుల గురించి, రేచీకటి గురించి, వినికిడి గురించి ఉంటుంది. గురక గురించి ఉండదు. చూపు బాగున్న మనిషి కూడా కళ్లు మూసుకుంటే ఏం చూస్తాడు? అయితే ఇందులో ఒక చిక్కుంది, దాన్ని దాటేయకూడదు. జబ్బు ఉందని చెబితే బండి తాళాలు లాక్కుంటారనే భయం ఉన్నంతకాలం ఏ డ్రైవరూ నోరు విప్పడు. వైద్యం మొదలుపెట్టినవాడు మళ్లీ బండెక్కవచ్చనే హామీ ముందు ఉండాలి, ప్రశ్న ఆ తర్వాత.

వైద్యం ఉంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ ముక్కుకు మాస్కు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచవచ్చని చూపించాడు. ఇవాళ్టి సీప్యాప్ మెషీన్ దాని వారసురాలే. అందరికీ అదే అవసరమని కాదు. కొందరికి పక్కకు తిరిగి పడుకుంటే చాలు, కొందరికి దవడను ముందుకు పట్టే పళ్ల పరికరం, కొందరికి ఆపరేషన్. ఊబకాయంతో పాటు ఆప్నియా ఉన్నవాళ్లకు, బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024 డిసెంబర్‌లో అనుమతించింది.

మెషీన్ అమ్మేవాళ్లు "ఇది పెట్టుకోకపోతే హార్ట్ అటాకే" అని బెదిరించడం నేను విన్నాను. అంత ధీమా అక్కర్లేదు. 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద పరీక్షలో, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మందిని చూస్తే, సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు కనపడలేదు. పగటి మత్తు, మనసు దిగులు తగ్గాయి. కానీ వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలు. సగం రాత్రి కూడా వాడని మందు పనిచేయలేదని మందును తిట్టాలా? నా మటుకు ఆ లెక్క చెప్పేది ఇంకొకటి: మాస్కు అలవాటు చేయించడం కూడా వైద్యంలో భాగమే, మన దగ్గర ఆ భాగం బిల్లు కట్టాక ముగిసిపోతుంది. బావ మెషీన్ కొన్న మొదటి నెల రాత్రికి రెండు గంటలకే తీసి పక్కన పడేసేవాడు. ముక్కు ఎండిపోతోందని, ఏనుగు తొండంలా ఉందని. మెషీన్ తర్వాత సజ్జ మీదికి పోయింది. దానికి తేమ పెట్టుకునే నీళ్ల డబ్బా ఉందని, మాస్కు వేరే సైజు దొరుకుతుందని చెప్పేవాళ్లు రెండో ఆసుపత్రిలో గానీ దొరకలేదు.

బస్తీ దవాఖానల్లో బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. అక్కడే ఒక టైలర్ టేపు పెట్టి మెడ కొలవొచ్చు. 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. "రాత్రి ఊపిరి ఆగినట్టు ఎవరైనా చెప్పారా?" అని అడగొచ్చు. ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టర్ కూడా ఇదే తెలుసుకోవాలి, మనమే చెప్పాలి కూడా. ఈ వడపోతకు ఖర్చు పెద్దగా లేదు. ఖర్చంతా తర్వాత ఉంది. మెషీన్ ముప్పై వేల పైమాటే, ఆటో నడిపే మనిషికి అది చిన్న మొత్తం కాదు. బీపీ బిళ్లలు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వం, ఆ బీపీని మొండిగా మార్చే జబ్బును ఎంతకాలం సొంత ఖర్చుకు వదిలేస్తుందో చూడాలి.

మాస్కు మారాక బావ రాత్రికి ఆరు గంటలు పెట్టుకుంటున్నాడు. మూడు బీపీ బిళ్లల్లో ఒకటి తగ్గింది. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి మెషీన్ ఆగింది. ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరుగుతూనే ఉన్నాయి, మెషీన్ ప్లగ్గుకు మాత్రం ఆ లైను లేదు. బావకు మెలకువ రాలేదు. అక్కకు వచ్చింది. చీకట్లో చేయి చాచి మాస్కు తీసేసి, ఆయన్ని పక్కకు తిప్పి, కరెంటు వచ్చేదాకా వింటూ కూర్చుంది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసింది కూడా ఆమే.