కంప్యూటర్లు వచ్చినా రాత తగ్గలేదు

పోలీసులకు రాతపని తగ్గాలంటే అంతా ఆన్‌లైన్ చేస్తే సరి అని ఈమధ్య ఓ వ్యాసంలో అన్నారు. సగమే నిజమండి. పోలీస్ స్టేషన్ల రికార్డులను కంప్యూటర్లలో ఎక్కించి దేశమంతా కలిపే సీసీటీఎన్ఎస్ ప్రాజెక్టుకు 2009లోనే కేంద్రం ఆమోదం వచ్చింది. అయినా మా బావగారు పనిచేసే స్టేషన్లో రైటర్ (రాతపని చూసే పోలీసు) ఎఫ్ఐఆర్‌ను కంప్యూటర్లో ఎక్కిస్తాడు, అవే వివరాలు రిజిస్టర్లో చేత్తో రాస్తాడు, పై ఆఫీసు అడిగితే మళ్లీ ఎక్సెల్లో పెట్టి వాట్సాప్‌లో పంపుతాడు. 'సాయంత్రం 4లోగా' అని మెసేజ్ వచ్చిందంటే ఎదురుగా ఫిర్యాదు పట్టుకొచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చోవాల్సిందే.

2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి. సోదా, జప్తు వీడియో తీయాలి (సీఆర్పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 105), దాన్ని కోర్టులో పెట్టేటప్పుడు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్) కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. ఇవి ఉండాల్సినవే. పంచనామా సాక్షులు అడ్డం తిరిగితే వీడియోయే దిక్కు. దర్యాప్తు అధికారి రోజూ రాసే కేస్ డైరీ జోలికీ వెళ్లొద్దు.

కోత పెట్టాల్సింది పై ఆఫీసులు అడిగే లెక్కల స్టేట్‌మెంట్లకి. సీసీటీఎన్ఎస్‌లో ఉన్న అంకెను స్టేషన్‌ని మళ్లీ అడగొద్దని డీజీపీ ఆఫీసు నుంచి ఒక్క మెమో వస్తే చాలు. అన్నట్టు, దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లో బాధితులకు చెప్పాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 193లో ఉంది. అదైనా సిస్టమే ఎస్సెమ్మెస్ పంపేలా చేయొచ్చుగా, దానికీ రైటరే ఎందుకు?