ఏమీ తెలియకపోవడమే అర్హత

నాకు బడి నడపడం తెలియదు, పాఠం చెప్పడమూ తెలియదు. ఇన్నేళ్లూ అది లోపమనుకున్నాను. ఇంగ్లండులో స్థిరపడ్డాక ఒకనాడు మా కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) ప్రకటన కంటపడింది. పిల్లలకు కోరిన బడిలో సీటు దక్కని తల్లిదండ్రుల అప్పీళ్లు వినడానికి స్వతంత్ర ప్యానెల్‌లో స్వచ్ఛంద సభ్యులు కావాలట. ముగ్గురిలో ఒకరైనా బడి నిర్వహణలో గానీ బోధనలో గానీ అనుభవం లేనివారై ఉండాలట. అచ్చంగా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టున్న నిబంధన! జీతం లేదు, దారి ఖర్చులిస్తారు. శిక్షణ కూడా ఇచ్చారు. నా అజ్ఞానానికి పెద్దగా భంగం కలగలేదు.

మన ఊళ్లో రచ్చబండ మీద పెద్దమనిషికి రెండు పక్షాలూ తెలుసు, వాళ్ల తాతలు తెలుసు, రాత్రికి రాత్రి గట్టు జరిపిందెవరో కూడా తెలుసు. ఇక్కడ అలాంటి జ్ఞానం ఉన్నట్టు తేలితే కుర్చీ ఖాళీ చేయాలి.

సెకండరీ సీట్ల కబురు మార్చి 1న, ప్రైమరీ సీట్ల కబురు ఏప్రిల్ 16న వస్తాయి. అక్కడ మామిడికాయలు దిగే వేళకు ఇక్కడ అప్పీళ్లు దిగుతాయి.

విచారణలో ముందు బడి తరఫు మనిషి మాట్లాడతారు. ఇంకొక్కరిని చేర్చుకుంటే బడికి ఎంత నష్టమో ఆయన నిరూపించాలి. వరండా వెడల్పు, ప్రయోగశాలలో బల్లల లెక్క, భోజనాల దగ్గర వరుస పొడవు ఏకరువు పెడుతుంటే, చేరబోయేది పదకొండేళ్ల పిల్లా, గున్న ఏనుగా అని అనుమానం వస్తుంది. తరువాత ఒక తండ్రి లేచి మ్యాపు పరిచాడు. దాని మీద ఎర్ర సిరాతో గీత, గీత పక్కన దశాంశాలతో ఇంటి నుంచి బడికి దూరం. ఆ బడిలో దగ్గరివాళ్లకే ముందు సీటు. కౌన్సిల్ కంప్యూటర్ ఇంటి నడిమధ్య నుంచి కొలిచిందట, గేటు నుంచి కొలిస్తే సీటు వాళ్ల అబ్బాయిదేనట. (ఈ విచారణలు గోప్యం, కనుక కొలతలు మార్చాను. ఆయన చేతి వణుకు మార్చలేదు.) మేం ముగ్గురం మ్యాపును తిప్పి తిప్పి చూసి, ఉత్తరం ఎటో తేలాక గంభీరంగా తల ఊపాం.

చిన్న తరగతుల సంగతి ఇంకా సులువు. 1998 నాటి చట్టం ప్రకారం ఒక టీచరుకు 30 మందికి మించి పిల్లలు ఉండకూడదు. ముప్పై ఒకటో పిల్ల తల్లి కౌన్సిల్ నిబంధనలు తప్పిందని చూపాలి, లేదా బుద్ధి ఉన్న మనిషెవరూ ఆ నిర్ణయానికి రాలేరని రుజువు చేయాలి. కౌన్సిల్ ఆ మాత్రం బుద్ధిగానే ఉంటుంది. తల్లి కన్నీళ్లు తుడుచుకుంటుంది, మేం ఆమెకు నీళ్ల గ్లాసు అందిస్తాం. గ్లాసు అందించడానికి ఏ సెక్షనూ అడ్డురాదు.

మా అసలు ప్రతాపం చూడాలంటే బడి నుంచి శాశ్వతంగా తొలగించిన పిల్లల కేసులకు రావాలి. 2012కు ముందు ప్యానెల్ పిల్లవాణ్ని తిరిగి చేర్చుకోమని ఆదేశించగలిగేది. ఇంత అధికారం ముసలివాళ్ల చేతిలో ఉండటం ప్రమాదమని ఎవరికి తట్టిందో గానీ, ఇప్పుడు ఆ మాట అనలేం. బడి నిర్ణయం చట్టవిరుద్ధమనో, తలాతోకా లేనిదనో తేలితే దాన్ని కొట్టివేసి, మళ్లీ ఆలోచించమని చెప్పగలం. బడి మళ్లీ ఆలోచిస్తుంది. ఆలోచించి, మళ్లీ వద్దనవచ్చు. అప్పుడు 4,000 పౌండ్లు కట్టాలి. పిల్లవాడికి అనుకునేరు! ఆ సొమ్ము చేరేది కౌన్సిల్‌కు. అబ్బాయి పుస్తకాల సంచీ ఇంట్లో కొక్కేనికే వేలాడుతుంది.

మొన్న ఒక తెలుగాయన ఫోన్ చేశాడు. సంక్రాంతి సంబరాల్లో పులిహోర వడ్డిస్తూ పరిచయమైనవాడు.

"అన్నయ్యా, మా పాప అప్పీలు వచ్చే వారం. ప్యానెల్‌లో మీరుంటారటగా, కాస్త చూడాలి."

"మీరు నాకు తెలుసు కాబట్టి నేను కూర్చోకూడదండీ," అన్నాను.

కాసేపు అటునుంచి చప్పుడు లేదు.

"అయితే ఇన్నాళ్లూ పరిచయం ఉండి ఏం లాభం అన్నయ్యా?"

క్లర్కుకు విషయం రాసి తప్పుకున్నాను. ఆ రోజు నా కుర్చీలో ఇంకొక ఏమీ తెలియనాయన కూర్చున్నాడట.