అడ్డం పడేది మేం కాదు
పని చేసేచోట విషవాయువుల పరిమితుల మీద నిబంధనలు రాసేముందు చిన్న యూనిట్లను అడిగితే, ఖర్చని అడ్డం పడతారే తప్ప ఒరిగేదేం లేదని ఒకరు రాశారు. నేనొప్పుకోను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు పెయింటింగ్ చేయిస్తాను, నాతో కలిపి 7గురం. 1948 ఫ్యాక్టరీల చట్టం మామూలుగా కరెంటు వాడేచోట 10 మంది ఉంటేనే వర్తించేది, దాని బదులు వచ్చిన 2020 కార్మిక భద్రత కోడ్ ఆ లెక్కను 20 చేసింది. గాలిలో టోల్యూన్ (థిన్నర్‌లో ఉండే ద్రావకం) ఇంతే, సీసం ఇంతే అని ఎంత బాగా రాసినా మా గడప తొక్కేదెప్పుడు? మా కుర్రాడు స్ప్రే గన్ పట్టాడంటే మూతికి జేబురుమాలు. అది దుమ్మునైనా ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే పప్పుక్కూడా అదే వాసన, సాయంత్రానికి తలపోటు. ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా (క్యాట్రిడ్జి) ఉన్న మాస్కు కొనిచ్చా. మే నెలలో రేకుల కింద (మన బెజవాడ ఎండ చెప్పాలా!) అరగంట ఓర్చుకోలేక నుదుటి మీదకి నెట్టేశాడు. వాణ్ని తిట్టలేకపోయా. ఈ సంగతి ఆఫీసులో కూర్చుని రాసేవాళ్లకి మేం కాక ఎవరు చెబుతారు? నాలుగైదు షెడ్లకి కలిపి ఒక పెయింట్ బూత్, గాలి లాగే ఫ్యాన్లతో పెట్టుకోనిస్తే మా వాటా మేం వేసుకుంటాం. ముసాయిదా తెలుగులో ఇచ్చి అడిగి చూడండి ముందు.